పదిలం

పదిలం అనే మాటను మనం రెండు విధాలుగా వాడుతాం. విలువైన వస్తువును చేతికిస్తూ "పదిలంగా దాచు" అంటాం. ప్రయాణమై గడప దాటుతున్నవారితో "పదిలంగా వెళ్ళిరా" అంటాం. మొదటిది కదలకుండా ఉంచమని చెప్పటం, రెండవది కదిలి క్షేమంగా తిరిగిరమ్మని చెప్పటం. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో తగవు పడకుండా ఎలా కాపురం చేస్తున్నాయన్న సందేహం నాకు చాలాకాలం కలగలేదు. 2023లో ముప్ఫయ్యారేళ్ళ వయసున్న ఒక కారును కొనటానికి బయలుదేరిన తరువాత కలిగింది.

ఆ కారు పోర్షా 928 ఎస్4, 1987 నాటి మోడలు. ఆ ఏడు నేను కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నాను. అప్పటికి మన రోడ్ల మీద తిరిగే కార్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో వచ్చి అందరినీ మురిపిస్తున్న మారుతి 800. గ్రంథాలయంలో ఎవరో ఇచ్చిన విదేశీ పత్రికల కట్టలో ఈ 928 బొమ్మ నా కంటబడింది. వెల్లకిలా పడుకొని ఆకాశంలోకి చూస్తున్నట్టుండే గుండ్రని దీపాలు, ఎక్కడా కోణమన్నది లేని వెనుక భాగం, దేహంలోనే కలిసిపోయి విడిగా కనబడని బంపర్లు. ఇంజను 4,957 సీసీ అని రాసి ఉంది. మారుతి ఇంజను 796 సీసీ. ఆరు మారుతి ఇంజన్లను కలిపినా దానికి సరితూగవు. అయితే దాన్ని కొనాలన్న కోరిక అప్పుడు కలిగిందని చెప్పలేను. చంద్రుణ్ణి చూసి ఆనందిస్తాం, బేరమాడం కదా!

తరువాత అమెరికా రావటం, ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ నగరంలో స్థిరపడటం, సంసారం, అమ్మాయి చదువు, ఇంటి అప్పు తీర్చటం అన్నీ అందరికీ జరిగినట్టే నాకూ జరిగాయి. అమ్మాయి ఉద్యోగంలో చేరిన ఏడు, చేతిలో కాస్త డబ్బు మిగిలినప్పుడు, ఆ పాత బొమ్మ మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. యాభయ్యారేళ్ళవాడికి స్పోర్ట్స్ కారు ఎందుకని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చు. నేనూ కొంత నవ్వుకున్నాను.

ఈ కారు చరిత్ర కూడా నన్ను ఆకర్షించింది. 1970లలో పోర్షా సంస్థకు అధిపతిగా ఉన్న ఎర్నస్ట్ ఫూర్మన్ దృష్టిలో, ఇంజను వెనుకనుండి గాలితో చల్లబడే 911కి కాలం చెల్లిపోతున్నది. దాని గద్దె ఎక్కవలసిన వారసుడు 928. ముందు భాగంలో నీటితో చల్లబడే ఎనిమిది సిలిండర్ల ఇంజను, వెనుక ఇరుసు దగ్గర గేరుపెట్టె, రెండింటినీ కలుపుతూ ఒక పొడవాటి గొట్టం, అందులో తిరిగే సన్నని షాఫ్టు. దానివల్ల బరువు ముందు వెనుకలకు ఇంచుమించు సమానంగా పంపకమయింది. 1977లో జెనీవా ప్రదర్శనలో లోకానికి చూపారు. 1978కి యూరపులో ఆ ఏటి మేటి కారుగా ఎన్నికయింది. ఒక స్పోర్ట్స్ కారుకు ఆ గౌరవం దక్కటం అదొక్కసారే.

కాని 911ను ప్రేమించినవారు దాన్ని విడిచిపెట్టలేదు. 1981లో పగ్గాలు చేపట్టిన పీటర్ షుట్జ్ 911ను ఆపివేయాలన్న ఆలోచనను పక్కకు పెట్టారు. 928 మాత్రం మెరుగులు దిద్దుకుంటూ 1995 వరకు వచ్చి, సుమారు 61 వేల కార్లతో ఆగిపోయింది. 911 ఈనాటికీ వస్తూనే ఉంది. యువరాజుగా పెరిగి, పట్టాభిషేకం లేకుండానే వానప్రస్థానికి వెళ్ళినవాడి కథ ఇది. అటువంటివాళ్ళ మీద నాకు మొదటినుంచీ కొంత పక్షపాతం.

కొత్తలో అమెరికాలో ఈ కారు వెల 60 వేల డాలర్లకు చేరువ. ఆపైన అన్ని కార్లకూ పట్టిన గతే దీనికీ పట్టింది. చేతులు మారినకొద్దీ వెల పడిపోయింది. ఇక్కడొక చిక్కున్నది. కారు వెల పడిపోతుంది గాని దాని విడిభాగాల వెల పడిపోదు. కొన్నవాడు చిన్న కారు ఖరీదుకు కొంటాడు, మరమ్మతుకు మాత్రం పెద్ద కారు ఖరీదు చెల్లించాలి. ఏనుగును కొనటం తేలిక, మేపటమే కష్టం. మేపలేనివారి చేతుల్లో పడి ఎన్నో 928లు ఎండకూ వానకూ పాడైపోయి, చివరకు విడిభాగాల కోసం ముక్కలైపోయాయి. అందుకే ఈ కార్ల విషయంలో తెలిసినవారు చెప్పే మొదటి సూత్రం: అన్నిటికంటె చవకగా దొరికేదే అన్నిటికంటె ఖరీదైనది.

మా ఊళ్ళో పాత జర్మను కార్లనే బాగుచేసే ఒక మెకానిక్కు ఉన్నాడు. వెతుకులాట మొదలుపెట్టకముందే ఆయన దగ్గరకు వెళ్ళి సలహా అడిగాను. చేతులు తుడుచుకుంటూ గంటసేపు పాఠం చెప్పాడు. అందులో నాకు బాగా గుర్తున్నవి మూడు.

మొదటిది టైమింగు బెల్టు. ఈ ఇంజనులో ముప్ఫైరెండు వాల్వులున్నాయి. వాటిని వేళకు తెరిచి వేళకు మూయించేది రెండు మీటర్ల పైచిలుకు పొడవున్న రబ్బరు బెల్టు. నీటి పంపునూ ఆయిలు పంపునూ తిప్పేదీ అదే. నడుస్తుండగా అది తెగిందా, పైకి వచ్చిన పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. అంతటితో ఇంజను పాతసామానే. 60 వేల మైళ్ళకొకసారి దాన్ని మార్చాలని లెక్క. కాని రబ్బరుకు మైళ్ళ లెక్కతో బాటు ఏళ్ళ లెక్క కూడా ఉంటుంది.

రెండవది పెట్రోలు గొట్టాలు. అవీ రబ్బరే. ఎండి పగిలితే పెట్రోలు వేడెక్కిన ఇంజను మీద పడుతుంది. అలా తగలబడిపోయిన 928లు ఉన్నాయి.

మూడవది ఆటోమాటిక్ గేర్లున్న వాటికే వచ్చే జబ్బు. ఇంజనునూ గేరుపెట్టెనూ కలిపే పొడవాటి షాఫ్టు, దాన్ని పట్టి ఉంచే బిగింపు సడలితే, ఏళ్ళ తరబడి వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరుగుతుంది. జరిగి జరిగి క్రాంకుషాఫ్టును నెడుతూ ఉంటుంది. చివరకు దానికి దన్నుగా ఉన్న బేరింగు అరిగిపోతే ఇంజను దిమ్మె చెడిపోతుంది. బయటికి ఏ శబ్దమూ రాదు, ఏ దీపమూ వెలగదు. ఆ బిగింపును అప్పుడప్పుడు విప్పి, ఒత్తిడి తీసి, మళ్ళీ బిగించేవాడు ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

"కారును చూడకండి. కారుతో బాటు వచ్చే కాగితాలు చూడండి" అని ఆయన పాఠం ముగించాడు.

ఆగస్టులో రెండు కార్లు చూశాము. మొదటిది ఇండియానాపొలిస్ దగ్గర, మా ఇంటినుంచి 175 మైళ్ళ దూరాన. వేడి సదుపాయమున్న గరాజులో మెత్తని గుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ తీస్తే మా శ్రీమతి నోట మాట రాలేదు. తిరిగింది 19 వేల మైళ్ళే. తోలు సీట్ల మీద ఒక్క ముడత లేదు. రంగులో మన ముఖాలు కనబడుతున్నాయి. అది తన పెట్టుబడి అనీ, సంవత్సరానికొకసారి ఇంజను ఆన్ చేసి ఆపటం తప్ప బయటికి తీయలేదనీ యజమాని గర్వంగా చెప్పాడు. బెల్టు ఎప్పుడు మార్చారని అడిగాను. 60 వేల మైళ్ళు కానిదే ఎందుకు మారుస్తామని ఆశ్చర్యపడ్డాడు.

నేను వంగి టైర్లు చూశాను. టైరు పక్క భాగం మీద అది తయారైన వారమూ సంవత్సరమూ అంకెల్లో ఉంటాయి. 2000నుంచి తయారైన వాటికి నాలుగంకెలు, అంతకు ముందు వాటికి మూడు. వీటి మీద మూడే ఉన్నాయి. నిగనిగలాడుతున్న ఆ టైర్లు కిందటి శతాబ్దానివి.

రెండవది సిన్సినాటి పొలిమేరల్లో. 1,34,000 మైళ్ళు తిరిగింది. ముందు భాగంలో రాళ్ళు తగిలి రంగు లేచిన చుక్కలు, డ్రైవరు సీటు అంచున అరిగిన తోలు. దీనికంటె మొదటిదాని వెల పదిహేను వేల డాలర్లు ఎక్కువ. యజమాని ఒక వృద్ధుడు, యంత్రపరికరాల కర్మాగారంలో డిజైనరుగా పనిచేసి ఎప్పుడో విశ్రాంతి తీసుకున్నవాడు. 1991లో కొన్నాడట. కంటి మధ్య చూపు క్రమంగా పోయే జబ్బు వచ్చి, ఆ ఏడు వేసవిలో డ్రైవింగు లైసెన్సు వదులుకున్నాడు. కొడుకుకు ఈ కారు మీద ఆసక్తి లేదని, అందులో నిష్ఠురమేమీ లేకుండానే చెప్పాడు.

ఆయన మాకు ముందుగా చూపింది కారును కాదు. భోజనాల బల్ల మీద పెట్టిన మూడు లావుపాటి ఫైళ్ళను. ముప్ఫైరెండేళ్ళ రసీదులు, ఒక నోటుపుస్తకం. బెల్టు, నీటి పంపు మార్చినవి 1996, 2003, 2010, 2018. పెట్రోలు గొట్టాలు రెండుసార్లు. వెనుక ఉండే బ్యాటరీని దేహానికి కలిపే ఎర్తు తీగ మూడుసార్లు. మా మెకానిక్కు చెప్పిన ఆ బిగింపును విప్పి బిగించిన తేదీలు, ప్రతిసారీ షాఫ్టు ఎంత జరిగిందో మిల్లీమీటర్లలో. నేను కాగితాలు చూడటం పూర్తయ్యేవరకు ఆయన మాట్లాడలేదు.

నోటుపుస్తకంలో 1991నాటి రాత చీమల బారులాగా ఉంది, ఇంజనీర్లు బొమ్మల మీద రాసే పొందికైన చిన్న అక్షరాలు. 2015 వచ్చేసరికి అవే అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి. 2020లో గీతలు దాటాయి. చివరి పుటల్లో లావుపాటి నల్ల సిరాతో పుటకు నాలుగే పంక్తులు. ఒక్కొక్క అంకె నా బొటనవేలంత. కాని తేదీ, మైళ్ళు, చేసిన పని, అయిన ఖర్చు, ఏదీ తప్పలేదు. నేను ఆ పుస్తకాన్ని వేగంగా తిరగవేస్తే ఒక మనిషి చూపు పోవటం కళ్ళ ముందు జరిగినట్టయింది.

తిరిగి వస్తుంటే మా శ్రీమతి తన తీర్పు చెప్పింది. "కొనకపోతే సంతోషం. కొనక తప్పదంటారా, ఆ మొదటిది కొనండి. పందొమ్మిది వేల మైళ్ళంటే కొత్తదే. లక్షా ముప్ఫైనాలుగు వేలు తిరిగినదాన్ని కొనటమేమిటి? పెద్దాయన మీద జాలి వేరు, బేరం వేరు." ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పైగా ఇటువంటి కార్ల అంగడిలో తక్కువ తిరిగినదానికే విలువ. రేపు అమ్ముకోవాలన్నా అదే మంచిది. రెండవదాన్ని కొంటే నేను నడిపే ప్రతి మైలూ దాని వెలను ఇంకాస్త తగ్గిస్తుంది. పదవీవిరమణ కోసం దాచుకున్నదాంట్లోంచి తీసి పెట్టే డబ్బు ఇది. ఆ వారమంతా ఇద్దరం ఎవరి వాదంలో వాళ్ళం ఉన్నాము.

ఆ ఏడు అధిక శ్రావణం వచ్చి, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. మా అమ్మ 2016లో పోయినప్పుడు ఆమె పెళ్ళి పట్టుచీరను శ్రీమతి ఇక్కడకు తెచ్చుకుంది. తెల్లటి మల్లు గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను అన్నిటికంటె భద్రమైన అలమరలో ఉంచింది. మాసిపోతుందేమోనన్న భయంతో ఎన్నడూ కట్టలేదు. ఆ శుక్రవారం కట్టుకొని పూజ చేసుకుందామని తీసింది.

నేను పక్క గదిలో ఉన్నాను. పిలుపు వినబడలేదు గాని, చాలాసేపు ఏ అలికిడీ లేకపోతే వెళ్ళి చూశాను. మంచం మీద చీర పరచి ఉంది. ఏడేళ్ళపాటు ఒకే మడతలో ఉన్న చోట జరీ చిట్లి, పట్టు గీత గీసినట్టు విడిపోయింది. మిగతా చీరంతా పెళ్ళినాటి రంగుతో మెరుస్తున్నది.

అమ్మకు ఒక అలవాటు ఉండేది. ఏటా వానలు వెలిసిన తరువాత, ఎండ సూటిగా తగలని వసారాలో చాప పరచి, పట్టుచీరలన్నీ విప్పి గాలికి ఆరవేసేది. సాయంత్రం మళ్ళీ మడత పెట్టేటప్పుడు పాత మడత మీద పెట్టేది కాదు, మార్చి పెట్టేది. చిన్నప్పుడు ఆ చీరల కింద దూరి ఆడుకోవటమే నాకు తెలుసు. మడత ఎందుకు మారుస్తున్నదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఆ చీర కడుతూనే ఉండేది కూడా. కట్టినన్నాళ్ళూ చీర చెక్కుచెదరలేదు.

శ్రీమతి ఆ రోజు వేరే చీర కట్టుకొని పూజ పూర్తి చేసింది. వాయనాలిచ్చి వచ్చినవాళ్ళను పంపించిన తరువాత, రాత్రి గిన్నెలు సర్దుతూ, నావైపు తిరగకుండానే అంది: "ఆ సిన్సినాటి ఆయనకు ఫోను చేయండి."

ఆ చీర సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు.

అంతమాత్రాన కళ్ళు మూసుకొని కొనలేదు. కాగితాలు ఎంత చక్కగా ఉన్నా ఇనుము సంగతి ఇనుమునే అడగాలి. కారును సిన్సినాటిలోనే ఒక గరాజులో ఎత్తించి పరీక్ష చేయించాను. ఎనిమిది సిలిండర్లలోనూ గాలి ఒత్తిడి చూశారు, ఇంచుమించు సమానంగా ఉంది. కింద దేహానికి తుప్పు లేదు. జస్తా పూసిన ఉక్కు, అల్యూమినియం తలుపులు, ఆపైన ఈ మనిషి మంచుకాలంలో రోడ్లకు ఉప్పు చల్లే రోజుల్లో కారును బయటికి తీయకపోవటం, అన్నీ కలిసి పనిచేశాయి. ఇక మిగిలింది క్రాంకుషాఫ్టు. ముల్లు తిరిగే కొలమానాన్ని బిగించి, షాఫ్టును ముందుకొకసారి, వెనుకకొకసారి నెట్టి, ఆ కదలిక ఎంతో చూడాలి. అది హద్దు దాటి ఉంటే ఈ కథ ఇక్కడితో సమాప్తం. పెద్దాయన గోడవారగా కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఆయనకు ఆ ముల్లు కనబడదు. మెకానిక్కు అంకె చదివేవరకు తల పక్కకు వంచి వింటున్నాడు. అంకె విన్నాడు. 2018లో తాను రాసుకున్నదీ అదే. ఒక్కసారి తల ఊపి, కాఫీ తాగుదామా అన్నాడు.

కాఫీ తాగుతున్నప్పుడు తెలిసింది, ఒక వ్యాపారి అంతకుముందే నాకంటె మూడు వేల డాలర్లు ఎక్కువ ఇస్తానన్నాడని. ఎవరో సంపన్నుడి సేకరణలోకి కొంటాడట. "మరి ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగాను. జవాబుగా ఆయనే నన్ను ఒక ప్రశ్న అడిగాడు: "మీరు దీన్ని నడుపుతారా?"

ఆ ప్రశ్నకు తేలికగా అవునని చెప్పేయవచ్చు. చెప్పి, ఇంటికి తెచ్చి, గుడ్డ కప్పి, ఐదేళ్ళ తరువాత లాభానికి అమ్ముకోవచ్చు. ఆయన వచ్చి చూడగలిగే స్థితిలో లేడు. అందుకే ఆ ప్రశ్న బరువుగా తోచింది. మూడు వేల డాలర్లు వదులుకుంటున్న మనిషి నా మాట తప్ప మరే హామీ అడగటం లేదు. కాసేపు ఆలోచించి, "మంచూ ఉప్పూ ఉన్న రోజుల్లో నడపను. మిగతా రోజుల్లో నడుపుతాను, ఆఫీసుకు కూడా దీనిలోనే వెళతాను" అన్నాను. ఆయన చేయి చాచాడు. నేను ఉన్న చోటుకు కొంచెం పక్కగా చాచాడు. నేనే జరిగి అందుకున్నాను.

ఒహాయోలో కారు అమ్మేటప్పుడు యాజమాన్యపు పత్రం మీద నోటరీ ఎదుట సంతకం చేయాలి. బ్యాంకులో నోటరీ ఉంటారని అక్కడకు బయలుదేరాము. నేను నడిపాను, ఆయన పక్కన కూర్చున్నాడు. శ్రీమతి మా కారులో వెనుక వచ్చింది. స్టీరింగును నా ఎత్తుకు తగ్గట్టు కిందకు దించితే, వేగమూ పెట్రోలూ చూపే అద్దాల పెట్టె మొత్తం దానితోబాటు దిగింది. నాకు ఆశ్చర్యం. ఆయన నవ్వి, వెనుక సీట్లవాళ్ళకు కూడా ఎండ తగలకుండా విడిగా రెప్పలున్నాయని చూపించాడు. ఈ కారును గీసినవాళ్ళు వెనుక కూర్చొనే పిల్లల కళ్ళను గురించి కూడా ఆలోచించారని ఆయన ఉద్దేశం.

వేగం అందుకుంటుంటే ఎక్కడో సన్నగా గలగలమన్నది. నేను ఉలిక్కిపడ్డాను. "అది వేడి తగలకుండా కట్టిన రేకు. 1998నుంచీ అలాగే అంటుంది. ఎవరైనా ఇంకేదో పేరు చెప్పి డబ్బులడిగితే ఇవ్వకండి" అన్నాడు. బ్యాంకు చేరేలోపు అలాంటివి మరో నాలుగు చెప్పాడు. అవేవీ ఆ మూడు ఫైళ్ళలో లేవు. రోజూ నడిపినవాడి చెవుల్లో తప్ప ఇంకెక్కడా ఉండని సంగతులు.

సంతకం ఎక్కడ పెట్టాలో నోటరీ వేలితో చూపవలసి వచ్చింది. ఆయన పెట్టాడు, నోటుపుస్తకపు చివరి పుటల్లోని పెద్ద అక్షరాలతో. గడి చాలలేదు, కొంత గీత దాటింది. చెల్లుతుందని నోటరీ చెప్పింది.

ఆయన్ను ఇంటి దగ్గర దించి కొలంబస్‌కు బయలుదేరేటప్పుడు శ్రీమతి తన కారు కిటికీ దించి, "పదిలంగా రండి. నేను వెనకాలే ఉంటాను" అంది. ఇంటికి 107 మైళ్ళు. లిటిల్ మయామీ నది మీది ఎత్తైన వంతెన దాటేదాకా నేను అరవై మించలేదు. ఆ తరువాత కూడా పెద్దగా మించలేదు. మూడు వందల పై చిలుకు గుర్రాల బలమున్న ఇంజను, నా కాలి కింద పెద్ద పని లేకుండా నిద్రపోతున్నట్టు నడిచింది.

తరువాత ఇంకొక నిర్ణయం మిగిలింది. ఒహాయోలో పాతికేళ్ళు దాటిన కార్లకు చారిత్రక వాహనాల ప్లేటు తీసుకోవచ్చు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కాని ఆ ప్లేటు ఉన్న కారును ప్రదర్శనలకూ ఊరేగింపులకూ క్లబ్బుల కార్యక్రమాలకూ అటువంటి వాటికే వాడాలి, రోజువారీ పనులకు వాడకూడదు. బీమా కూడా అంతే. సేకరణ కార్లకు ఇచ్చే చవక బీమా తీసుకుంటే సాధారణంగా ఆఫీసుకు వెళ్ళటం కుదరదు. నేను మామూలు ప్లేటు, మామూలు బీమా తీసుకున్నాను. కట్టే డబ్బు ఎక్కువే. ఇచ్చిన మాటకు అయ్యే ఖర్చులో అదొక భాగమని సర్దిచెప్పుకున్నాను.

కొన్నాక రెండేళ్ళలో తొమ్మిది వేల మైళ్ళు తిరిగాను. ఖర్చులు లేవని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకసారి కిటికీ అద్దం దిగి మళ్ళీ ఎక్కనంది. ఒకసారి స్టీరింగు నూనె గొట్టం కారింది. ఏడేళ్ళు నిండవస్తున్నాయని బెల్టునూ నీటి పంపునూ ముందుగానే మార్పించాను. ఆ ఒక్క బిల్లుకే మా ఇద్దరికీ ఇండియా వెళ్ళిరావటానికి విమానం టిక్కెట్లు వచ్చేవి. అంగడిలో దీని వెల నేను కొన్ననాటికంటె పెరిగిందో తగ్గిందో చూడటం మానేశాను. మాట ఇచ్చిన మరుక్షణం నుంచీ ఆ లెక్కకు అర్థం లేదు.

పాత కారు కొనదలచినవారు ఎవరైనా ఉంటే నేను చెప్పగలిగింది ఇంతే. తక్కువ తిరిగిందా అని కాదు, తిరిగినప్పుడల్లా ఎవరైనా చూసుకున్నారా అని అడగండి. రబ్బరైనా పట్టైనా మనం వాడనంతమాత్రాన కాలం దాన్ని వాడకుండా ఊరుకోదు. గుడ్డ కప్పి దాచినవాడు వస్తువును ప్రేమించలేదని నేను అనను. దాచటం కూడా ప్రేమే. కాకపోతే దాచినదాన్ని కూడా ఏడాదికొకసారి గాలికి పెట్టి, మడత మార్చి పెట్టేవాళ్ళుండాలి.

రెండు మూడు నెలలకొకసారి పెద్దాయనకు ఫోను చేస్తాను. ముందు ఆరోగ్యం సంగతి అడుగుతాను, తరువాత ఆయన కారు సంగతి అడుగుతాడు. ఒక్కొక్కసారి ఫోనును ఇంజను దగ్గర పెట్టమంటాడు. పెడతాను. అటునుంచి కాసేపు ఏ మాటా రాదు. తరువాత, "బాగుంది" అంటాడు.

ఆయన నోటుపుస్తకంలో ఇంకా ఖాళీ పుటలున్నాయి. కొత్త పుస్తకం మొదలుపెట్టకుండా అందులోనే కొనసాగిస్తున్నాను. బొటనవేలంత అంకెలున్న పుట తరువాతి పుటలో తేదీ, మైళ్ళు, చేసిన పని, అయిన ఖర్చు. నా అక్షరాలు ప్రస్తుతానికి చిన్నవే.